అప్పీలు న్యాయవాది పని: వరాఛా కేసు నేర్పే పాఠం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• కింది కోర్టు విచారణకూ, అప్పీలు విచారణకూ ఉన్న తేడా చెప్పగలుగుతారు.
• శిక్ష పడిన మనిషి తరఫున అప్పీలు న్యాయవాది ఏయే పనులు చేస్తాడో వివరించగలుగుతారు.
• ఈ వృత్తిలోకి రావడానికి కావలసిన చదువు, అర్హతలు తెలుసుకుంటారు.
• అప్పీలు గడువు, ఉచిత న్యాయ సహాయం గురించి మీ చుట్టుపక్కల వారికి చెప్పగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

"ఇక్కడ ఓడితే ఏమయింది, పైకోర్టుకు పోతాం" అనే మాట మనం తరచు వింటూ ఉంటాం. మరి పైకోర్టులో ఏం జరుగుతుంది? సాక్షులందరూ మళ్లీ వచ్చి చెబుతారా? కొత్త జడ్జిగారు కేసును మొదటి నుంచి విచారిస్తారా? చాలామంది అలాగే అనుకుంటారు. కాని అలా జరగదు. పైకోర్టులో సాధారణంగా సాక్షి కనిపించడు. అక్కడ ఉండేవి కాగితాలు. ఆ కాగితాలను చదివి, అందులోని తప్పును పట్టుకుని, జడ్జీల ముందు పెట్టడమే అప్పీలు న్యాయవాది పని.

ఈ పనిని ఒక నిజమైన కేసు ద్వారా తెలుసుకుందాం. అది గుజరాత్ రాష్ట్రం సూరత్ నగరంలో జరిగింది. సూరత్ మనవాళ్లకు కొత్త ఊరు కాదు. తెలంగాణ జిల్లాల నుంచి ఎందరో నేత కార్మికులు మరమగ్గాల పనికి అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. ఆ నగరంలోనే వరాఛా అనే ప్రాంతం ఉంది. వజ్రాలను సానపట్టే పనికి అది పేరు పొందింది.

2. వరాఛాలో ఏం జరిగింది?

1992 డిసెంబరులో సూరత్‌లో మతకల్లోలాలు జరిగాయి. ఆ తరువాత 1993 జనవరిలో వరాఛా రోడ్డులో బాంబు పేలింది. ఎనిమిదేళ్ల బడిపిల్ల చనిపోయింది. మరికొందరు గాయపడ్డారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో సూరత్ రైల్వే స్టేషనులో గుజరాత్ ఎక్స్‌ప్రెస్ రైలు దగ్గర మరో పేలుడు జరిగింది. అందులో ముప్ఫై మందికి పైగా గాయపడ్డారు.

ఈ కేసులలో పోలీసులు "టాడా" అనే చట్టాన్ని ఉపయోగించారు. ఇది ఉగ్రవాద చర్యలను అణచడానికి 1985లో వచ్చి, 1987లో మళ్లీ చేసిన చట్టం. 1995లో దాని గడువు ముగిసింది. అయితే అంతకు ముందు పెట్టిన కేసులు ఆ తరువాత కూడా నడిచాయి.

టాడా మామూలు చట్టం వంటిది కాదు. మామూలుగా పోలీసు అధికారి ముందు ముద్దాయి "నేనే చేశాను" అని ఒప్పుకున్నా, ఆ మాటను కోర్టు అతని మీద సాక్ష్యంగా తీసుకోదు. కొట్టి చెప్పించి ఉండవచ్చుననే భయమే దీనికి కారణం. టాడా కింద మాత్రం ఎస్.పి. హోదాకు తగ్గని అధికారి నమోదు చేసిన వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లేది. బెయిలు దొరకడం కూడా చాలా కష్టం.

ఇంత కఠినమైన చట్టం కనుక దుర్వినియోగం కాకుండా 1993లో దానికి ఒక కాపలా పెట్టారు. అదే సెక్షన్ 20-ఎ. టాడా నేరం జరిగిందని సమాచారం నమోదు చేయడానికి ముందు జిల్లా పోలీసు సూపరింటెండెంటు అనుమతి తీసుకోవాలని ఆ సెక్షన్ చెబుతుంది.

2008లో సూరత్‌లోని ప్రత్యేక టాడా కోర్టు ముద్దాయిలను దోషులుగా తేల్చి, 10 నుంచి 20 సంవత్సరాల వరకు జైలు శిక్షలు వేసింది. మామూలు కేసయితే వారు గుజరాత్ హైకోర్టుకు వెళ్లేవారు. టాడా కేసులో అప్పీలు నేరుగా సుప్రీం కోర్టుకే వెళుతుంది. అందువల్ల వారికి మిగిలింది ఒకే ఒక్క మెట్టు.

3. విచారణ వేరు, అప్పీలు వేరు

ఇక్కడ కొంచెం ఆగి, రెండు కోర్టుల పనిలో ఉన్న తేడాను గమనించండి.

కింది కోర్టులో సాక్షి బోనులో నిలబడతాడు. ప్రభుత్వ న్యాయవాది ప్రశ్నలు వేస్తాడు. ముద్దాయి న్యాయవాది ఎదురు ప్రశ్నలు వేస్తాడు. దీనినే క్రాస్ ఎగ్జామినేషన్ అంటారు. సాక్షి తడబడ్డాడా, ధైర్యంగా చెప్పాడా అన్నది జడ్జి స్వయంగా చూస్తాడు.

అప్పీలు కోర్టుకు ఇదంతా కాగితాల మీద చేరుతుంది. సాక్షి చెప్పిన మాటలు, పంచనామాలు, డాక్టరు నివేదికలు, కింది కోర్టు తీర్పు కలిపి కుట్టిన పుస్తకాన్ని "పేపర్ బుక్" అంటారు. పెద్ద కేసుల్లో అది కొన్ని వేల పేజీలు కూడా ఉంటుంది. అప్పీలు కోర్టు ముఖ్యంగా మూడు ప్రశ్నలు వేసుకుంటుంది.

ఒకటి: నేరం సందేహానికి తావు లేకుండా రుజువయిందా?
రెండు: చట్టం చెప్పిన పద్ధతి ప్రకారమే దర్యాప్తు, విచారణ జరిగాయా?
మూడు: నేరం రుజువయినా, వేసిన శిక్ష తగినదేనా?

ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి ఫలితం ఉంటుంది. ముద్దాయిని నిర్దోషిగా విడుదల చేయవచ్చు. శిక్షను ఖాయం చేయవచ్చు. హత్య నేరాన్ని అంతకన్న చిన్న నేరంగా మార్చవచ్చు. శిక్షా కాలాన్ని తగ్గించవచ్చు. మళ్లీ విచారణ జరపమని కేసును కిందికి పంపవచ్చు.

పాఠ్యగత ప్రశ్నలు – 1
(అ) అప్పీలు కోర్టు ముందుకు వచ్చే కాగితాల పుస్తకాన్ని ఏమంటారు?
(ఆ) టాడా కేసులో అప్పీలు ఏ కోర్టుకు వెళుతుంది?

4. సుప్రీం కోర్టు ఏమన్నది?

వరాఛా కేసు అప్పీళ్లను న్యాయమూర్తులు టి.ఎస్. ఠాకూర్, సి. నాగప్పన్ విన్నారు. 2014 జూలై 18న తీర్పు చెప్పారు. అప్పీలు చేసుకున్న 11 మందినీ నిర్దోషులుగా విడుదల చేశారు.

కారణం ఏమిటి? సెక్షన్ 20-ఎ అడిగిన అనుమతి. జిల్లా పోలీసు సూపరింటెండెంటు ఇవ్వవలసిన అనుమతిని ఆయన ఇవ్వలేదు. రాష్ట్ర హోం శాఖలో అదనపు ముఖ్య కార్యదర్శి ఇచ్చారు.

"అదేమిటి, ఆయన ఇంకా పెద్ద అధికారి కదా! పెద్దవారే అనుమతి ఇచ్చాక చిన్నవారి అనుమతి ఎందుకు?" అని మీకు అనిపించవచ్చు. ప్రభుత్వం వాదన కూడా ఇటువంటిదే. కాని న్యాయశాస్త్రంలో పాతకాలం నుంచి ఒక సూత్రం ఉంది. ఒక పనిని ఫలానా విధంగా చేయాలని చట్టం చెబితే, ఆ విధంగానే చేయాలి. లేకపోతే ఆ పని చేసినట్టే కాదు. 1875లో ఇంగ్లండులో వచ్చిన టేలర్ కేసులో ఈ మాట చెప్పారు. 1936లో మన దేశం నుంచి వెళ్లిన నజీర్ అహ్మద్ కేసులో ప్రీవీ కౌన్సిల్ కూడా దీనినే అనుసరించింది. గుజరాత్‌కే చెందిన మరొక టాడా కేసులో 1995లో సుప్రీం కోర్టు ఇదే సూత్రం మీద తీర్పు ఇచ్చింది.

ఈ సూత్రం వెనుక ఉన్న ఆలోచన సులభమైనదే. జిల్లా పోలీసు అధికారికి తన ప్రాంతంలో ఏం జరిగిందో దగ్గరగా తెలుస్తుంది. "ఈ సంఘటనకు ఇంత కఠినమైన చట్టం అవసరమా?" అని ఆయన స్వయంగా ఆలోచించి నిర్ణయించాలని చట్టం కోరింది. రాజధానిలోని కార్యాలయంలో వేసిన సంతకం ఆ ఆలోచనకు బదులు కాదు.

అనుమతి చెల్లకపోవడంతో టాడా కింద వేసిన శిక్షలు నిలవలేదు. టాడా బలంతో నమోదు చేసిన నేరాంగీకార వాంగ్మూలాలకూ విలువ లేకుండా పోయింది. వాటిని పక్కన పెడితే శిక్షను నిలబెట్టగల ఆధారం మిగలలేదు.

ఇందులో అప్పీలు న్యాయవాది పని ఎక్కడుందో చూశారు కదా! వేల పేజీల మధ్య ఉన్న ఒక అనుమతి పత్రం కింద ఎవరి సంతకం ఉంది, ఉండవలసింది ఎవరిది అని చూడడంలో ఉంది.

5. మరి ఆ పాప మాటేమిటి?

ఈ ప్రశ్న మీకు తప్పకుండా వచ్చి ఉంటుంది. రావాలి కూడా. బడికి వెళ్లే వయసు పాప చనిపోయింది. ఇరవై ఒక్క సంవత్సరాల తరువాత "ఎవరూ దోషులు కారు" అని తీర్పు వచ్చింది. ఒక సంతకం కోసం అందరినీ వదిలేయడం న్యాయమేనా? ఇటువంటి కేసు వాదించిన న్యాయవాది నేరస్థుల పక్షాన ఉన్నట్టు కాదా?

దీనికి తొందరపడి జవాబు చెప్పకూడదు. రెండు విషయాలు ఆలోచించండి.

మొదటిది: తీర్పు వల్ల ఆ కుటుంబానికి జరిగిన నష్టం చిన్నది కాదు. కాని ఆ నష్టం సుప్రీం కోర్టులో మొదలు కాలేదు. కేసు పెట్టిన రోజునే మొదలయింది. చట్టం చెప్పిన అధికారి అనుమతి సకాలంలో తీసుకుని, వాంగ్మూలాలకు తోడుగా గట్టి సాక్ష్యాలు సేకరించి ఉంటే ఈ వాదనకు చోటే ఉండేది కాదు. దర్యాప్తులో దగ్గరి దారి తొక్కినవారు ముద్దాయిలకే కాదు, చనిపోయిన పాప తల్లిదండ్రులకు కూడా అన్యాయం చేసినట్టే. అప్పీలు న్యాయవాది ఆ తప్పును చూపించాడే గాని చేయలేదు.

రెండవది: శిక్ష పడినవారిలో నిజంగా నేరం చేయనివారు ఉంటే? అటువంటి మనిషికి మిగిలిన ఒకే తలుపు అప్పీలు. ఆ తలుపు మంచివారికి ఒకటి, చెడ్డవారికి ఒకటి అని వేరువేరుగా ఉండదు. ఎవరు మంచివారో ముందే తెలిస్తే కోర్టులే అవసరం లేదు.

అందుకే బార్ కౌన్సిల్ నియమాలు న్యాయవాదికి ఒక మాట స్పష్టంగా చెబుతాయి. ముద్దాయి నేరం చేశాడా లేదా అన్న విషయంలో తన సొంత అభిప్రాయం ఏదైనా, న్యాయవాది అతని తరఫున నిలబడాలి. కొన్ని ఊళ్లలో న్యాయవాదుల సంఘాలు "ఫలానా ముద్దాయి కేసు ఎవరూ తీసుకోకూడదు" అని తీర్మానాలు చేస్తూ ఉంటాయి. అటువంటి తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీం కోర్టు చెప్పింది. అయితే ముద్దాయి తరఫున నిలబడడం అంటే అబద్ధం చెప్పడం కాదు. కోర్టును తప్పుదారి పట్టించే హక్కు ఏ న్యాయవాదికీ లేదు.

బాధితులకు కూడా ఒక దారి ఉంది. ముద్దాయిని విడుదల చేస్తూ కింది కోర్టు ఇచ్చిన తీర్పు మీద బాధితులు స్వయంగా అప్పీలు చేసుకునే హక్కు 2009 చివరి నుంచి అమలులోకి వచ్చింది.

6. విజయవాడ కేసు

ఇటువంటిదే మన ప్రాంతంలో ఒక కేసు చూద్దాం. 2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఒక హాస్టలులో ఫార్మసీ చదివే అమ్మాయి హత్యకు గురయింది. 2008లో పోలీసులు ఒక పేద యువకుడిని అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడలోని కోర్టు అతనికి శిక్ష వేసింది. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే "అసలు నేరస్థుడు ఇతను కాడు" అని చెబుతూ వచ్చారు. అయినా అతను జైలులోనే ఉన్నాడు.

అప్పీలు విన్న హైదరాబాద్ హైకోర్టు 2017 మార్చి 31న అతనిని నిర్దోషిగా విడుదల చేసింది. అతనికి లక్ష రూపాయలు పరిహారం ఇమ్మని ప్రభుత్వాన్ని ఆదేశించింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైలులో గడిపాడు. 2018లో కేసును సి.బి.ఐ. దర్యాప్తు చేయాలని హైకోర్టు ఆదేశించింది.

ఇక్కడ బాధితురాలి కుటుంబమూ, ముద్దాయీ ఒకే మాట మీద ఉన్నారు. తప్పు మనిషిని శిక్షిస్తే అసలు నేరస్థుడు బయట తిరుగుతాడు. కనుక అప్పీలు న్యాయవాది చేసే పని ముద్దాయి ఒక్కడికోసమే కాదని దీని వల్ల తెలుస్తుంది.

7. అప్పీలు న్యాయవాది ఏం చేస్తాడు?

మళ్లీ సూరత్‌కు వద్దాం. ఒక ఉదాహరణ ఊహించుకోండి. మన జిల్లా నుంచి వెళ్లిన ఒక మరమగ్గం కార్మికుడికి అక్కడి సెషన్స్ కోర్టులో హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడింది. అతని తమ్ముడు న్యాయవాది దగ్గరకు వచ్చాడు.

"వకీలు సారూ, తీర్పు కాగితం గుజరాతీలో ఉంది. మా అన్నకూ నాకూ చదవరాదు. ఏం చేయాలె?" అని అడిగాడు.

అప్పుడు న్యాయవాది ఏం చేస్తాడో వరుసగా చూద్దాం.

మొదటి మెట్టు – గడువు లెక్క. సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు చేయడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఉరిశిక్ష పడితే 30 రోజులే. మేజిస్ట్రేటు కోర్టు శిక్ష మీద సెషన్స్ కోర్టుకు వెళ్లడానికి కూడా 30 రోజులు. తీర్పు నకలు తెచ్చుకోవడానికి పట్టిన రోజులను ఈ లెక్కలో కలపరు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు. అయినా కారణం చెప్పుకునే స్థితి రాకుండా చూసుకోవడమే మంచిది. ఉరిశిక్ష విషయంలో మరో రక్షణ కూడా ఉంది. ముద్దాయి అప్పీలు చేయకపోయినా హైకోర్టు ఖాయం చేయనిదే ఆ శిక్షను అమలు చేయరాదు.

రెండవ మెట్టు – అప్పీలు పత్రం. కింది కోర్టు తీర్పులో ఏయే తప్పులు ఉన్నాయో అంకెలు వేసి రాయాలి. గుజరాత్ హైకోర్టు అహ్మదాబాద్‌లో ఉంది. అక్కడి వాదనలు ఇంగ్లీషులో సాగుతాయి. కనుక గుజరాతీలో ఉన్న సాక్ష్యాలకు సరైన అనువాదం కావాలి. అనువాదంలో ఒక మాట మారినా అర్థం మారిపోతుంది. "కత్తి చూపాడు" వేరు, "కత్తి ఎత్తాడు" వేరు.

మూడవ మెట్టు – బెయిలు. అప్పీలు తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. అంతవరకు శిక్ష అమలును నిలిపి, బెయిలు ఇమ్మని దరఖాస్తు పెడతారు. హత్య వంటి పెద్ద కేసుల్లో ఇది సులభంగా దొరకదు.

నాలుగవ మెట్టు – చదవడం. ఇదే అసలు పని. అనుభవం ఉన్న న్యాయవాది పేపర్ బుక్ చదువుతూ ఒక పట్టిక వేసుకుంటాడు. నేరం ఎన్ని గంటలకు జరిగింది? ఫిర్యాదు ఎప్పుడు ఇచ్చారు? అది మేజిస్ట్రేటుకు ఎప్పుడు చేరింది? సాక్షి పోలీసులకు ఏం చెప్పాడు, కోర్టులో ఏం చెప్పాడు? గాయం గురించి డాక్టరు చెప్పినదానికీ, సాక్షి చూశానన్న ఆయుధానికీ పొంతన ఉందా? వస్తువులు దొరికినప్పుడు పంచులు నిజంగా అక్కడ ఉన్నారా? ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యం నడిచినప్పుడు అతనికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పారా? ఈ చివరి ప్రశ్న మన ఉదాహరణలోని తెలుగు కార్మికుడి విషయంలో చాలా ముఖ్యం.

కంటితో చూసిన సాక్షి లేని కేసుల్లో మరింత జాగ్రత్త కావాలి. అటువంటప్పుడు చుట్టూ ఉన్న పరిస్థితులను గొలుసుగా కలిపి నేరం రుజువు చేస్తారు. ఆ గొలుసులో ఒక్క లంకె కూడా తెగకూడదు; ముద్దాయి తప్ప వేరొకరు చేసి ఉండవచ్చునని తోచే వీలు మిగలకూడదు. 1984లో శరద్ సార్దా కేసులో సుప్రీం కోర్టు ఈ నియమాలను వివరంగా చెప్పింది.

అయిదవ మెట్టు – వాదన. సినిమాలో చూపినట్టు బల్ల గుద్ది మాట్లాడడం ఇక్కడ పనికిరాదు. ఇద్దరు జడ్జీలు పేపర్ బుక్ తెరుచుకుని కూర్చుంటారు. "ఏ పేజీ? ఏ లైను?" అని అడుగుతారు. వెంటనే చూపగలగాలి. తనకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యాన్ని కూడా దాచకుండా ఎదుర్కోవాలి.

ఒకవేళ ఆ రోజు న్యాయవాది రాకపోతే? ఆ ఒక్క కారణంతో క్రిమినల్ అప్పీలును కొట్టివేయకూడదని 1996లో బానీ సింగ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. కాగితాలు చూసి, మంచిచెడ్డలు విచారించే తీర్పు చెప్పాలి.

పాఠ్యగత ప్రశ్నలు – 2
(అ) సెషన్స్ కోర్టు శిక్ష మీద హైకోర్టుకు అప్పీలు చేయడానికి గడువు ఎన్ని రోజులు?
(ఆ) విజయవాడ కేసులో హైకోర్టు తీర్పు ఏ సంవత్సరంలో వచ్చింది?

8. డబ్బు లేనివారి మాటేమిటి?

పై ఉదాహరణలోని తమ్ముడి దగ్గర డబ్బు లేకపోతే అప్పీలు ఆగిపోనక్కర లేదు. 1978లో హోస్కాట్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక ముఖ్యమైన తీర్పు రాశారు. జైలులో ఉన్న మనిషికి తీర్పు నకలు ఉచితంగా, సకాలంలో అందాలి. న్యాయవాదిని పెట్టుకునే శక్తి లేకపోతే అప్పీలుకు ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి అన్నారు.

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందవచ్చు. హైకోర్టులోనూ, సుప్రీం కోర్టులోనూ ఇందుకు కమిటీలు ఉన్నాయి. ఖైదీ తన అప్పీలును జైలు అధికారి ద్వారా కూడా పంపుకోవచ్చు. ఈ విషయం తెలియక గడువు దాటిపోయిన కుటుంబాలు ఎన్నో ఉంటాయి. మీకు తెలిసింది కనుక పదిమందికి చెప్పండి.

9. ఈ వృత్తిలోకి రావాలంటే

"ఇదంతా పెద్ద చదువులవారి పని, మనకెందుకు?" అనుకోకండి. సార్వత్రిక విద్య ద్వారా చదివేవారికీ దారి ఉంది.

ఇంటర్మీడియట్ తరువాత అయిదు సంవత్సరాల లా కోర్సు, డిగ్రీ తరువాత మూడు సంవత్సరాల ఎల్.ఎల్.బి. ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ లాసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దూరవిద్య ద్వారా ఇంటర్ స్థాయి, డిగ్రీ చదివినవారు కూడా అర్హులేనని బార్ కౌన్సిల్ 2008 నియమాలు చెబుతాయి. అయితే ఒక షరతు ఉంది. పదవ తరగతి, ఇంటర్ వంటి కింది చదువులు లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ పొందినవారికి ప్రవేశం లేదు. అందువల్ల మెట్టు తరువాత మెట్టు ఎక్కడం మంచిది.

లా పట్టా వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. నమోదు రుసుము సాధారణ అభ్యర్థులకు 750 రూపాయలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి 125 రూపాయలు మించరాదని 2024 జూలై 30న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. పేద విద్యార్థులకు ఇది పెద్ద ఊరట. ఆ తరువాత అఖిల భారత బార్ పరీక్ష ఉత్తీర్ణులు కావాలి.

మొదటి కొన్నేళ్లు ఒక సీనియర్ దగ్గర పని నేర్చుకోవాలి. ఆ రోజుల్లో రాబడి తక్కువ. ముందు కింది కోర్టులో విచారణలు చూసినవారికి అప్పీలులో తప్పులు సులభంగా దొరుకుతాయి. సుప్రీం కోర్టులో స్వయంగా కేసు దాఖలు చేయాలంటే "అడ్వొకేట్ ఆన్ రికార్డ్" పరీక్ష ఉంటుంది. నాలుగేళ్ల అనుభవం, ఒక ఏడాది శిక్షణ తరువాత ఆ పరీక్ష రాయవచ్చు. చట్టాలు మారుతూ ఉంటాయి కనుక చదువు ఆగదు. ఉదాహరణకు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది.

వయసు దాటిపోయిందనే దిగులు అక్కరలేదు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె. బాలగోపాల్ (1952–2009) నలభై ఏళ్లు దాటాక, 1990ల చివరలో న్యాయవాది అయ్యారు. పేదల కేసులు ఎన్నో హైకోర్టులో వాదించారు. పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ (1929–2010) కూడా ముద్దాయిల హక్కుల కోసం దశాబ్దాలపాటు కోర్టులలో నిలబడ్డారు.

ఈ వృత్తికి గొంతు కన్న ఓపిక ముఖ్యం. రోజుల తరబడి పాత కాగితాలు చదవాలి. ఎంత కష్టపడినా ఓడిపోయే కేసులు ఉంటాయి. గెలిచిన రోజున కూడా, వరాఛా కేసులో లాగా, మరొక ఇంట్లో దుఃఖం మిగిలే ఉండవచ్చు. ఆ దుఃఖాన్ని చిన్నచూపు చూడకుండా, తన పని తాను నిజాయితీగా చేసేవాడే మంచి అప్పీలు న్యాయవాది.

సారాంశం

అప్పీలు అంటే కేసు మళ్లీ మొదలు పెట్టడం కాదు, జరిగినదానిని సరిచూడడం. వరాఛా పేలుడు కేసులో చట్టం చెప్పిన అధికారి అనుమతి లేనందువల్ల 2014లో 11 మంది విడుదలయ్యారు. విజయవాడ కేసులో నేరం రుజువు కాక 2017లో ఒక యువకుడు విడుదలయ్యాడు. దర్యాప్తు చట్టం చెప్పిన దారిలో జరగకపోతే ముద్దాయికీ, బాధితులకూ ఇద్దరికీ న్యాయం అందదు. ఆ దారిని కాపలా కాసేవారిలో అప్పీలు న్యాయవాది ఒకడు.

పదాలు – అర్థాలు

ముద్దాయి: నేరం చేశాడని ఆరోపణ ఉన్న వ్యక్తి
వాంగ్మూలం: అధికారి లేదా కోర్టు ముందు చెప్పి నమోదు చేయించిన మాట
పంచులు: సోదా, స్వాధీనం వంటివి జరిగేటప్పుడు సాక్షులుగా ఉండేవారు
నకలు: అధికారికంగా ఇచ్చే ప్రతి
గడువు: చట్టం పెట్టిన కాల పరిమితి

ముగింపు ప్రశ్నలు

1. విచారణ కోర్టు పనికీ, అప్పీలు కోర్టు పనికీ గల తేడాలు రాయండి.
2. వరాఛా కేసులో ముద్దాయిలు ఎందుకు విడుదలయ్యారు? మీ మాటల్లో వివరించండి.
3. "దర్యాప్తులో దగ్గరి దారి తొక్కితే బాధితులకు కూడా అన్యాయమే." ఈ మాటతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.
4. మీకు తెలిసిన ఒక కుటుంబంలో ఎవరికైనా శిక్ష పడిందనుకోండి. మొదటి వారంలో ఏమేం చేయాలో వారికి ఒక ఉత్తరం రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. (అ) పేపర్ బుక్ (ఆ) నేరుగా సుప్రీం కోర్టుకు
2. (అ) 60 రోజులు. ఉరిశిక్ష అయితే 30 రోజులు (ఆ) 2017